ఆల్టో పాడే అక్కకు

ఆలూరు,
12 డిసెంబరు 2025

అక్కా,

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా చెప్పాల్సింది సగం నోట్లోనే ఉండిపోతోంది. లోపలి నుంచి ఎవరో పిలుస్తారు, నువ్వు ‘మళ్లీ చేస్తాలే’ అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. మీ సందు చివరింటి అబ్బాయి సెలవు అయిపోయి వచ్చే వారం కువైట్‌కు తిరిగి వస్తున్నాడు, అతని చేతికిస్తా. ఉత్తరంతో పాటు చెనిక్కాయల పొడి, ఊరమిరపకాయలు, కొంచెం కొర్రబియ్యం ఉంటాయి. మీ అమ్మ బాగుంది. మోకాళ్లు పీకుతున్నాయి అంటూనే ప్రతి ఆదివారం చర్చికి వస్తోంది. ఆడవాళ్ల వైపు ముందు చాప మీద, క్వాయర్‌కు ఎదురుగా కూర్చుంటుంది. నీ చిన్నోడు నా క్లాసులోనే ఉన్నాడు కదా, వాడి సంగతి కింద రాస్తా.

ముందు పాటల కబురు. ఆ తర్వాత ఒక సినిమా సంగతి ఉంది. రెండూ ఈ మధ్య నాకు వేరువేరుగా కనబడటం లేదు.

క్వాయర్ మాస్టరు గారు నవంబరు మొదట్లోనే ప్రాక్టీసు మొదలుపెట్టించారు. గుంతకల్లులో రైల్వే ఉద్యోగం అయిపోయాక ఆయనకు ఇదే లోకం. సరిగ్గా అప్పుడే సుగ్గికి బండ్లు కదిలాయి. టెనార్ వరుస దాదాపు ఖాళీ. బేస్ పాడే మగపిల్లల్లో చాలామంది, సోప్రానోలో సగం మంది ఆడపిల్లలు గుంటూరు వైపు పత్తి తీయడానికి పోయారు. అది ముగిస్తే మిరపకాయల కోత. ఇంక క్వాయర్ ఏం నిలబడుతుందిలే అని మేమంతా అనుకున్నాం. మాస్టరు గారు మాత్రం ఒక్కో గొంతు వరుసను విడిగా హార్మోనియం మీద వాయించి, తానే పాడి, వాట్సాప్‌లో వాళ్లకు పంపించారు. పొద్దంతా చేన్లో వంగి పనిచేసి, రాత్రి సంగటి తిన్నాక ఆ పిల్లలు ఫోన్ చుట్టూ కూర్చుని నేర్చుకున్నారు.

ఒకరోజు అక్కడి నుంచి వాళ్ల రికార్డింగు వచ్చింది. వెనక కుక్కల అరుపులు, ఎవరిదో పసిబిడ్డ ఏడుపు, మధ్యలో టెనార్ వరుస ఒక్కటే. నీకు తెలుసు కదా, టెనార్ ఒక్కటే వింటే అది పాటలాగే ఉండదు. ఒకే స్వరం దగ్గర చాలాసేపు ఆగిపోతుంది, ఒక మెట్టు దిగుతుంది, మళ్లీ అక్కడికే వస్తుంది. పల్లవి ఎక్కడుందో కూడా తెలియదు. మేం ఇక్కడ ఆ రికార్డింగు పెట్టుకుని దాని మీద మా సోప్రానో, ఆల్టో పాడాం. అప్పటిదాకా అర్థం లేనట్టున్న ఆ వరుస ఒక్కసారిగా పాటకు వెన్నెముక అయ్యింది. మాస్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. వాళ్లు ఇరవై మూడో తేదీకి వచ్చేస్తారట, మేస్త్రీతో మాట్లాడుకున్నారు.

పోయిన ఆదివారం మన సెమీ క్రిస్మస్. ఆదోని, గుంతకల్లు, బళ్లారి నుంచి క్వాయర్లు వచ్చాయి. బళ్లారి వాళ్లు వస్తే మనవాళ్లకు చుట్టాలు వచ్చినట్టే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మన ఆలూరు తాలూకా బళ్లారి జిల్లాలోదే కదా. లండన్ మిషన్ వాళ్లు బళ్లారిలో అడుగుపెట్టింది 1810లో. అప్పటి నుంచి పాటలు ఆ ఊరికీ ఈ ఊరికీ తిరుగుతూనే ఉన్నాయి. వాళ్లు కన్నడంలో పాడితే మన వెనక బెంచీల ముసలమ్మలు అదే బాణీకి తెలుగు మాటలు అందుకున్నారు. రెండు భాషలూ ఒకే తాళంలో ఒదిగిపోయాయి, ఎవరూ ఆపలేదు.

ఒక పల్లె నుంచి చెక్కభజన బృందం కూడా వచ్చింది. కాళ్లకు గజ్జెలు, నడుముకు పచ్చ గుడ్డ, చేతుల్లో చెక్కలు. గురువు ఒక్క మాట అందిస్తే వలయం మొత్తం అటు తిరిగి ఇటు తిరిగి యేసు పుట్టుక కథ పాడింది. చర్చి ముందర మట్టి లేచి షామియానా లైట్లలో పొగలా ఆడింది. ఎదురు వీధి అంగడి వాళ్లు, మసీదు వీధి పిల్లలు, అందరూ వచ్చి నిలబడ్డారు. ఆ తర్వాత మన క్వాయర్ నాలుగు గొంతుల పాట పాడాలంటే నాకు భయం వేసింది. అంత ఊపు తర్వాత మన పాట ఎవరు వింటారని. విన్నారక్కా. కదలకుండా విన్నారు.

ఎందుకో చెప్తా. ఈసారి మాస్టరు గారు పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఒకటి తీసుకున్నారు. 1803లో పుట్టి 1890 దాకా బతికిన ఆ పెద్దాయన కీర్తనలు లేకుండా మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాన్ని ఊహించుకోలేం. ప్రతి పాట పైనా రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి గదా. ఆ పాటలకు నాలుగు గొంతులు కట్టాలని చాలామంది ప్రయత్నించారు. చాలావరకు రాగం చచ్చిపోతుంది. ఎందుకంటే రాగానికి తన నడక తనకుంది, గమకం ఉంది. పక్కన మూడు గొంతులు అడ్డం వస్తే అది ముడుచుకుంటుంది. మాస్టరు గారు ఏం చేశారంటే, పల్లవి మొత్తం ఊర్లో మిగిలిన కొద్దిమంది బేస్, టెనార్ వాళ్లను షడ్జమం, పంచమం మీదే నిలబెట్టారు, తంబురాకు బదులు మనుషులు. రాగమంతా సోప్రానోకు ఒదిలేశారు. అనుపల్లవి మొదలయ్యాకే ఆల్టోను రానిచ్చారు, అది కూడా ఊపిరి తీసుకునే చోట నింపేటట్టు. నేను నీ చోట నిలబడి పాడాను. ఆ మూడో చరణంలో సోప్రానో పైకి పోయి ఆగినప్పుడు, ఆల్టో కింద నుంచి మెల్లగా ఎక్కి దాన్ని పట్టుకునే చోటు ఒకటుంది. నా గొంతు నాకు వినబడలేదు. అందరి గొంతు వినబడింది. మీ అమ్మ అక్కడే తల ఎత్తి చూసింది.

నాకు బాధ కలిగించే సంగతి కూడా ఒకటి రాయాలి. చాలా చర్చిల్లో ఇప్పుడు ట్రాక్ పెట్టి పాడుతున్నారు. డ్రమ్ములు, ఫ్లూటు అన్నీ ఫోన్లోంచి వస్తాయి, ఒక్కరు మైకు పట్టుకుంటారు, మిగతా పదిమంది పెదాలు ఆడిస్తారు. పిల్లలు బాగా పాడగలరు, వాళ్ల తప్పేం లేదు. అయితే పక్కవాడి గొంతు వినాల్సిన అవసరమే లేకుండా పాడటం అలవాటైపోతోంది. క్వాయర్‌లో మనం మొదట నేర్చుకునేది పాడటం కాదు, వినడం. పక్కామె శ్రుతి కొంచెం జారితే నువ్వు మెల్లగా పట్టి నిలబెట్టాలి. నువ్వు ఊపిరి తీసుకునేటప్పుడు ఇంకొకరు తీయకూడదు. ఇది ట్రాక్ నేర్పించదు. మన పెద్దలు కరెంటు లేని గుడుల్లో, ఒక్క కంజీరతో ఇది నేర్చుకున్నారు. దీన్ని పోగొట్టుకోకూడదని నేను గట్టిగా నమ్ముతున్నా, క్వాయర్ పిల్లలకు అదే చెప్తున్నా.

మొన్న ఎండాకాలం హైదరాబాదుకు పోయినప్పుడు అక్కడొక చర్చిలో హాండెల్ ‘మెస్సయ్య’లో కొన్ని భాగాలు పాడితే విన్నా. నువ్వు ఆ అల్లెలూయా కోరస్ వీడియో పంపించావు కదా, అదే. ఎదురుగా కూర్చుని వినడం వేరక్కా. ఒక గొంతు మొదలుపెట్టిన మాటను రెండో గొంతు అందుకుంటుంది, మూడోది తరుముకుంటూ వస్తుంది, అంతా కలిసిపోయి మళ్లీ విడిపోతుంది. హాండెల్ దాన్ని 1741లో 24 రోజుల్లో రాశాడట. మొదటిసారి పాడింది 1742 ఏప్రిల్ 13న, డబ్లిన్‌లో. జనం ఎక్కువ పట్టాలని ఆడవాళ్లను వెడల్పు కట్టు లంగాలు వేసుకోకుండా రమ్మన్నారట. నాకు ఇదంతా కాదు, ఇంకొక ముక్క మనసులో దిగబడిపోయింది. ఆ రోజు వచ్చిన డబ్బులు రెండు ఆస్పత్రులకూ, అప్పులు కట్టలేక జైల్లో ఉన్నవాళ్లకూ పంచారు. ఆ పాట పుణ్యాన 142 మంది అప్పు తీరి బయటికొచ్చారు. మన ఊర్లో ఈ మాట చెప్తే ఎవరికి అర్థం కాదు చెప్పు? బ్యాంకు అప్పు, పురుగుమందుల అంగడి అప్పు, చేబదులు, వీటి మధ్య బతికేవాళ్లకు పాట అంటే ఊరికే వినోదం కాదని ఎవరూ నేర్పాల్సిన పనిలేదు. సెమీ క్రిస్మస్ రోజు పాట మొదలుపెట్టకముందు నేను ఈ సంగతే చెప్పాను. వెనక నుంచి ఒక పెద్దాయన, ‘అట్లాంటి పాట మనమూ ఒకటి కట్టల్లమ్మా’ అన్నాడు.

ఇంక సినిమా.

నార్నియా కథలు నీకు తెలుసు. 2005లో వచ్చిన మొదటి సినిమా సీడీ మనం మీ ఇంట్లోనే చూశాం. మంచు, తెల్లటి మంత్రగత్తె, రాతి బల్ల మీద సింహం చచ్చిపోయి మళ్లీ లేవడం. నువ్వు ‘ఇది మన శుక్రవారం, ఆదివారం కథే గదా’ అన్నావు. ఆ తర్వాత 2008లో ఒకటి, 2010లో ఒకటి వచ్చి ఆగిపోయాయి. ఇప్పుడు గ్రెటా గెర్విగ్ అనే ఆమె, ‘బార్బీ’ సినిమా తీసిన డైరెక్టరు, నెట్‌ఫ్లిక్స్ కోసం మళ్లీ మొదలుపెట్టింది. వచ్చే ఏడాది, అంటే 2026 నవంబరు ఆఖరున ఐమాక్స్ తెరల మీదికి తెచ్చి, క్రిస్మస్ నాటికి నెట్‌ఫ్లిక్స్‌లో పెడతామని ప్రకటించారు. ఈసారి తీసుకున్నది ‘ది మెజీషియన్స్ నెఫ్యూ’. మాంత్రికుడి మేనల్లుడు. 1955లో వచ్చిన పుస్తకం. వరుసలో ఆరోది అయినా కథలో అన్నిటికన్నా మొదటిది, నార్నియా పుట్టిన కథ. ఇది ఇంతవరకూ సినిమాగా రాలేదు.

ఆ లోకం ఎట్లా పుడుతుందో తెలుసా అక్కా? పాటతో.

పుస్తకంలో ఆ భాగం చదివినప్పటి నుంచి నాకు ఒకటే ధ్యాస. లండన్‌లో ఇద్దరు పిల్లలు, ఒక పిచ్చి మేనమామ, ఒక క్రూరమైన రాణి, ఒక జట్కావాడు, అతని గుర్రం, ఉంగరాల మాయతో పొరపాటున ఒక ఖాళీ లోకంలో పడతారు. అక్కడ ఏమీ లేదు. వెలుతురు లేదు, గాలి లేదు, గడ్డిపోచ లేదు. కాళ్ల కింద నేల ఉందని మాత్రం తెలుస్తోంది. ఆ చీకట్లో ఒక గొంతు పాడటం మొదలుపెడుతుంది. మాటలు లేవు, బాణీ కూడా ఉందో లేదో తెలియదు. ఎక్కడి నుంచి వస్తోందో చెప్పలేరు. నేలే పాడుతోందా అనిపించేంత లోతు. తర్వాత ఆ గొంతుకు వేరే గొంతులు తోడవుతాయి. లెక్కలేనన్ని, చాలా పైస్థాయిలో, వెండి గజ్జెల్లా. అదే క్షణంలో నల్లటి ఆకాశంలో నక్షత్రాలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. పాడింది ఆ నక్షత్రాలే. కింద బేస్, పైన సోప్రానో! యోబు గ్రంథం 38వ అధ్యాయంలో ఉదయ నక్షత్రాలు కలిసి పాడటం ఉంది చూడు, ఈ కథలు రాసిన లూయిస్ దానికి క్వాయర్ కట్టాడు.

పొద్దు పొడిచాక పాడుతున్నది సింహమని తెలుస్తుంది. అది నడుస్తూ పాడుతుంటే దాని చుట్టూ గడ్డి పరుచుకుంటూ పోతుంది. పోలీ అనే పిల్ల ఒక సంగతి కనిపెడుతుంది. పాటలో లోతైన, సాగదీసిన స్వరాలు వచ్చినప్పుడు దేవదారు లాంటి నల్లటి చెట్లు వరుసగా లేస్తున్నాయి, తేలికగా గబగబా స్వరాలు వస్తే పూలు పూస్తున్నాయి. ఈ ముక్క మాస్టరు గారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత బేస్ పిల్లలను పిలిచి, ‘ఇంకనించి ఆ కింది స్వరం పట్టేటప్పుడు చెట్టు లేవాల, గుర్తుపెట్టుకోండి’ అన్నారు. త్యాగరాజు నాదాన్ని కొలిచిన భాష మనది. శబ్దంలో నుంచి సృష్టి వచ్చిందంటే మనవాళ్లెవరికీ కొత్తగా ఉండదు.

అయితే నేను ఆ సినిమాలో ఎదురుచూస్తున్నది సింహం పాట ఒక్కటే కాదు. దానికి ముందు ఇంకొక పాట ఉంది. ఎవరూ పెద్దగా పట్టించుకోని పాట. చీకట్లో అందరూ భయంతో బిగుసుకుపోయినప్పుడు ఆ జట్కావాడు, ఫ్రాంక్, ఇంత దూరం పడినా ఎముకలేవీ విరగలేదు, దానికి కృతజ్ఞత చెప్పుకుందాం, చచ్చినా బతికినా చేయదగ్గ పని ఒక పాట పాడుకోవడమే అంటాడు. అని, హార్వెస్టు పాట ఎత్తుకుంటాడు. పంట ఇంటికొచ్చిందని దేవునికి స్తోత్రం చెప్పే పాట. ఏ పంటా లేని, లోకం మొదలైనప్పటి నుంచి ఏదీ మొలవని నేల మీద నిలబడి! పిల్లలు అతనితో కలుస్తారు. ఆ పాట అయిపోయాకే సింహం గొంతు వినబడుతుంది.

మనం ఎన్నిసార్లు అట్లా పాడలేదక్కా? వాన రాక చెనిగ చేను ఎండిపోయిన ఏడాది కూడా ఫిబ్రవరిలో హార్వెస్టు పండగ మానుకోలేదు. ఎవరి ఇంట్లో ఏముంటే అది తెచ్చారు. నాలుగు జొన్న కంకులు, ఒక గుమ్మడికాయ, కోడిపెట్ట, పావు మూట కొర్రలు. వేలంలో ఒక గుమ్మడికాయను నలుగురు పాడి, కొన్నవాళ్లు మళ్లీ చర్చికే ఇచ్చారు. బయటివాళ్లు చూస్తే ఏం పండిందని వీళ్లకీ పండగ అనుకుంటారు. ఆ జట్కావాడికి మాత్రం తెలుసు. వాడూ మనలాంటివాడే, పల్లె నుంచి కూలి కోసం పట్నం వచ్చినవాడు. వాడి గుర్రం కూడా పల్లె గుర్రమే.

ఆ తర్వాత జరిగేది ఇంకా గొప్పది. సింహం ఆ జట్కావాడిని ఈ లోకానికి మొదటి రాజును చేస్తానంటుంది. వాడు చదువు లేదంటాడు. సింహం అడిగే మొదటి ప్రశ్న, పార పట్టగలవా, నాగలి దున్నగలవా, నేలలో నుంచి తిండి పండించగలవా అని. నేను ఇది క్లాసులో చెప్పినప్పుడు పిల్లలంతా ఒక్కసారి చేతులెత్తారు. అందులో సగం మంది సీజనల్ హాస్టల్ పిల్లలు, వాళ్ల అమ్మానాయనలు ఇప్పుడు గుంటూరు చేన్లలో ఉన్నారు. ‘మా నాయనకొస్తాది టీచర్’, ‘మా జేజికి కూడా వస్తాది’ అని ఒకటే గోల.

ఇంకొకటి. జట్కావాడు నా భార్య ఉంటే ఇక్కడే ఉండిపోతాను అంటాడు. సింహం ఒక్క సాగిన స్వరంతో పిలుస్తుంది. లండన్‌లో బట్టలు ఉతుకుతున్న ఆమె ఉన్నపళంగా అక్కడికొచ్చేస్తుంది, ముంజేతుల మీద సబ్బు నురగ ఉండగానే, నడుముకు కట్టిన గుడ్డతోనే. మంచి చీర కట్టుకోవడానికి టైము లేదు. ఆమే నార్నియాకు మొదటి రాణి. ఇక్కడ నీ చిన్నోడు లేచి నిలబడ్డాడు. ‘ఆ సింహము యాడున్నోళ్లనైనా పిలుస్తాదా టీచర్? కువైట్ నించి కూడానా?’ అన్నాడు. క్లాసులో ఎవరూ నవ్వలేదు. పిలుస్తుందని చెప్పాను. ఇంతకంటే నీకు ఏం రాయను. వాడు బాగా చదువుతున్నాడు, లెక్కల్లో ముందున్నాడు, గొంతు కూడా నీదే. మాస్టరు గారు వాడిని వచ్చే ఏడాది క్వాయర్‌లో నిలబెడతానంటున్నారు.

లూయిస్ గురించి నేను చదివిన ఒక మాట చెప్తా. ఆయన 1898లో బెల్ఫాస్ట్‌లో పుట్టాడు. తొమ్మిదేళ్లప్పుడు, 1908లో, తల్లి క్యాన్సరుతో పోయింది. ఈ పుస్తకంలో డిగరీ అనే పిల్లాడి తల్లి కూడా మంచం పట్టి ఉంటుంది. వాడు సింహాన్ని మందు అడుగుతాడు. తల పైకెత్తి చూస్తే సింహం కళ్లల్లో తన కన్నీళ్లకంటే పెద్ద కన్నీళ్లు కనబడతాయి. చివరికి ఆ తల్లి బతుకుతుంది. తన ఇంట్లో జరగనిది ఆయన కథలో జరిపించాడు. అది ఊరికే కోరిక తీర్చుకోవడం అని కొందరు అంటారు. నాకట్లా అనిపించదు. పునరుత్థానం నమ్మినవాడు రాసే తీరు అదే.

ఆయనకు చర్చి పాటలంటే ఇష్టం ఉండేది కాదని తెలిసి నేను ఆశ్చర్యపోయా. మాటలు నాసి, బాణీలు ఇంకా నాసి అనుకునేవాడట. అయితే ఎదురు బెంచీలో పాత బూట్లు వేసుకున్న ఒక ముసలి భక్తుడు అవే పాటలను మనసారా పాడుతుంటే చూసి, ఆ బూట్లు తుడవడానికి కూడా తాను తగనని తెలుసుకున్నానని చెప్పుకున్నాడు. ఆ ముసలాయనే తర్వాత జట్కావాడై కథలోకి వచ్చాడేమో అని నా ఊహ. ఎవరూ చెప్పింది కాదు, నా మనసుకు తోచింది.

ఇదే నా భయం కూడా. సినిమావాళ్లకు సింహం కావాలి, మంత్రగత్తె కావాలి, కూలిపోయే నగరం కావాలి. ఒక బండివాడు చీకట్లో పాడే హార్వెస్టు పాట ఎవరికి గుర్తుంటుంది? కత్తెర మొదట పడేది అక్కడే. సింహానికి గొంతు ఇవ్వమని మెరిల్ స్ట్రీప్ అనే పెద్ద నటితో మాట్లాడుతున్నారని ఏప్రిల్లో పత్రికల్లో వచ్చింది. ఆడగొంతా అని విశ్వాసుల్లో చాలామందికి కోపం వచ్చింది. వాళ్ల బాధ నాకు తెలుసు. ఆ సింహం, ఆస్లాన్, అంటే వాళ్లకు క్రీస్తే. లూయిస్ కూడా, అట్లాంటి లోకం ఒకటి నిజంగా ఉంటే క్రీస్తు అక్కడ ఏ రూపంలో వస్తాడా అని ఊహించి రాశానని చెప్పాడు. నేను మాత్రం సినిమా చూసేదాకా ఏమీ అనదలుచుకోలేదు. ఆ పాటలో భయభక్తులు ఉన్నాయా లేదా, అదే నాకు కావాల్సింది. పుస్తకంలో ఆ పిచ్చి మేనమామ ఆండ్రూ, పాడుతున్నది సింహమని చూసినప్పటి నుంచి అది పాట కాదు, గర్జనే అని తనకు తాను నచ్చజెప్పుకుంటాడు. చెప్పుకోగా చెప్పుకోగా చివరికి అతనికి నిజంగానే గర్జన తప్ప ఇంకేమీ వినబడదు. నా క్లాసు పిల్లలు అతన్ని ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడితో పోల్చారు. మంచి పోలికే. ఇద్దరికీ శక్తి కావాలి, పాట అక్కర్లేదు.

మనకు సినిమా మీద నమ్మకం పెట్టింది ‘కరుణామయుడు’. 1978 నాటి సినిమా మన చిన్నతనంలో కూడా ఊరూరా తిరిగేది. రెండు వేపచెట్ల మధ్య తెల్లగుడ్డ కట్టేవాళ్లు. ఇటువైపు చోటు లేక మనం తెర వెనక కూర్చున్నాం, పేర్లన్నీ తిరగబడి కనబడ్డాయి. విజయచందర్ సిలువ మోసుకుని పోతుంటే, పాట వస్తుంటే, ఊరంతా ఏడ్చింది. దేవరగట్టు బన్ని ఉత్సవానికి కర్రలు పట్టుకుని పోయే మగవాళ్లు కూడా ఏడ్చారు. ఏ మతమని ఎవరూ అడగలేదు. ఆ రాత్రి మీ నాయన మనల్ని ఎద్దులబండిలో ఇంటికి తెచ్చాడు, దారంతా నువ్వు ఆ పాటే పాడావు. నీకు రెండో గొంతు పట్టడం వచ్చని ఆ రోజే తెలిసింది నాకు. అందుకే గొప్ప సినిమా మీద, అందులో ఒక మంచి పాట మీద నాకు ఇంకా ఆశ ఉంది.

నీ సంగతి రాయి. కువైట్ సిటీలో ఆ నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో శుక్రవారం ఒకే రోజు ఎన్నో భాషల వాళ్లు గదులు మార్చుకుంటూ ఆరాధన చేస్తారని చెప్పావు కదా. మన తెలుగువాళ్లు పాడుతుంటే పక్క గదిలో మలయాళం, పైన అరబ్బీ. గోడల్లోంచి వచ్చే ఆ పాటలు మీ పాటతో కలుస్తాయా? మీకు అక్కడ నాలుగు గొంతులు కుదిరాయా, లేక అందరూ ఒకే వరుస పాడుతున్నారా? కుదరకపోతే నువ్వే మొదలుపెట్టు. పక్కామెకు చెవి దగ్గర ఆల్టో వినిపిస్తే చాలు, పట్టుకుంటుంది. నువ్వు నాకు అట్లాగే నేర్పించావు.

రెండు పనులు నీకు చెప్తున్నా. ఫిబ్రవరి హార్వెస్టు పండగకు మాస్టరు గారు ఇంగ్లీషు హార్వెస్టు పాట ఒకటి తెలుగు మాటలతో నాలుగు గొంతుల్లో నేర్పిస్తానని ఒప్పుకున్నారు. సోల్ఫా రాసిన కాగితం ఈ ఉత్తరం వెనక అంటించా. నీ ఆల్టో వరుస రికార్డు చేసి జనవరి పదిలోపు పంపు. గుంటూరు టెనార్, కువైట్ ఆల్టో, ఇక్కడ మేము. రెండోది, రెండేళ్లకోసారి ఇచ్చే నీ సెలవు వచ్చే ఏడాదే పడుతుంది కదా. అడిగేటప్పుడు డిసెంబరు అనొద్దు, నవంబరు ఆఖరి వారం నుంచి కావాలని అడుగు, టికెట్టు అప్పటికే తీసుకో. ఐమాక్స్ తెర మనకు దగ్గర్లో ఉండేది బెంగళూరే. గుంతకల్లులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగుతాం. చిన్నోడిని, మాస్టరు గారిని కూడా తీసుకుపోదాం. సెలవు ఖాయమైతే ముందు మీ అమ్మకు చెప్పు, తర్వాత నాకు.

ఇట్లు,
నీ చెల్లెలు